అప్పు తీర్చే దారిలో టోల్‌గేటు

మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, ఆపైన రెండు లోన్ యాప్‌లు. ఒక కార్డు మినిమమ్ డ్యూ ఇంకో కార్డుతో కట్టే వెసులుబాటు కూడా అయిపోయాక ఫోన్లు మొదలవుతాయి. ముందు బ్యాంకు నుంచి, తర్వాత కలెక్షన్ ఏజెన్సీ నుంచి, ఆ తర్వాత పేరు చెప్పని నంబర్ల నుంచి. ఇంట్లో చెప్పుకోలేరు. ఆఫీసులో ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లా తిప్పుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ప్రకటన కంటబడుతుంది: మీ అప్పు సగానికి తగ్గిస్తాం, రికవరీ ఫోన్లు ఆపిస్తాం, అంతా చట్టప్రకారమే.

నంబరిస్తే చాలు, కాసేపట్లో ఫోనొస్తుంది. అవతలి గొంతులో మర్యాద ఉంటుంది. నెలల తరబడి బెదిరింపులే విన్న చెవికి అదే పెద్ద ఊరట.

"సార్, ముందు మీరు ఈఎంఐలు ఆపేయండి. బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తే ఎత్తొద్దు, మా లీగల్ టీమ్ చూసుకుంటుంది. మేం చెప్పిన ఖాతాలో నెలనెలా కొంత వేస్తూ ఉండండి. ఆరేడు నెలల్లో సగానికి సెటిల్ చేయిస్తాం. రిజిస్ట్రేషన్ ఇవాళే చేసుకుంటే ఫీజులో డిస్కౌంట్ ఉంది సార్."

ఈ మాటల్లో అబద్ధం తక్కువే. చెప్పకుండా దాటేసినదే ఎక్కువ. అప్పుల సుడిలో ఉన్న మనిషికి బ్యాంకుతో రాజీ కుదుర్చుకునే దారి ఉంది. ఆ దారిలో నడవడానికి ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు. డెట్ సెటిల్‌మెంట్, డెట్ మేనేజ్‌మెంట్ అని పేర్లు పెట్టుకున్న కంపెనీలు వేసింది రోడ్డు కాదు, రోడ్డు మీద గేటు మాత్రమే. ఉచిత సాయం ఎక్కడుందో చెప్పే బోర్డు లేకపోవడం వల్లే ఆ గేటు దగ్గర వసూళ్లు సాగుతున్నాయని నా నమ్మకం.

ఈఎంఐ ఆపమనడం వెనుక

కంపెనీ మొట్టమొదట ఈఎంఐ ఎందుకు ఆపమంటుంది? కట్టాల్సిన తేదీ దాటి 90 రోజులైతే ఆ ఖాతాను బ్యాంకు నిరర్థక ఆస్తిగా, అంటే ఎన్‌పీఏగా రాసుకుంటుంది. అంతవరకు ఆ అప్పు బ్యాంకు లెక్కలో ఆరోగ్యంగానే ఉన్నట్టు. అసలు తగ్గించమని అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎన్‌పీఏ అయ్యాక వరస మారుతుంది. వచ్చినంత రాబట్టుకుని పుస్తకం మూసేద్దామనే ఆలోచన మొదలవుతుంది. మనవాళ్లు ఓటీఎస్ అనే వన్ టైమ్ సెటిల్‌మెంట్ మాట అప్పుడు వినపడుతుంది.

ఇదేమీ కంపెనీ కనిపెట్టిన కిటుకు కాదు. రాజీ పరిష్కారాలకు ప్రతి బ్యాంకూ, ఫైనాన్స్ కంపెనీ తన బోర్డు ఆమోదించిన విధానం పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఆదేశాలిచ్చింది. ఎంత తగ్గించవచ్చు, ఏ స్థాయి అధికారి సంతకం చేయాలి అన్నది అందులో ఉంటుంది. నిర్ణయం పూర్తిగా బ్యాంకుదే. సగం తగ్గిస్తామని బయటివాళ్లు ఇచ్చే హామీకి బ్యాంకు దగ్గర ఏ విలువా లేదు. అంటే కంపెనీ చేయించే మొదటి పని, మీ ఖాతా చెడిపోయేదాకా మిమ్మల్ని ఆగమనడం. ఆగడానికి ఫీజెందుకు?

ఆగిన కాలం ఊరికే పోదు. ఒక లెక్క వేసి చూద్దాం. కార్డు బాకీ 5 లక్షలు, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుందాం. ఆరు నెలలు ఏమీ కట్టకపోతే వడ్డీ మీద వడ్డీతో అది దాదాపు 6 లక్షల 15 వేలవుతుంది. లేటు ఫీజులు, వడ్డీ మీద పడే జీఎస్టీ ఇందులో కలపలేదు. కంపెనీ మాట నిలబెట్టుకుని నిజంగానే సగానికి రాజీ చేయించిందనుకుందాం: 3 లక్షల 7 వేలు. తగ్గించిన మొత్తంలో 15 శాతం ఫీజనుకుంటే 46 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 8 వేలు. అంతా కలిపితే 3 లక్షల 61 వేలు. మొదలుపెట్టిన రోజున్న 5 లక్షల్లో ఇది 72 శాతం. ప్రకటనలోని 'సగం' ఎక్కడికెళ్లిందో ఆ ఆరు నెలలను అడగాలి. కొన్నిచోట్ల ఫీజు నెలవారీ చందాగా తీసుకుంటారు, కొన్నిచోట్ల శాతంగా, ఇంకొన్నిచోట్ల రెండూ. బ్యాంకు రాజీకి ఒప్పుకోకపోయినా అప్పటిదాకా కట్టిన చందా వెనక్కి రాకపోవచ్చు. సంతకానికి ముందు ఒప్పందంలో చూసుకోవాల్సిన మొదటి షరతు ఇదే.

కోర్టు ముప్పు దీనికి అదనం. ఆటో డెబిట్ బౌన్స్ అయితే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద, చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. రెండూ క్రిమినల్ కేసులే. "ఆపేయండి సార్" అన్నవాళ్లు ఆ రోజు కోర్టు మెట్లెక్కరు.

అన్నట్టు, ఆ 'లీగల్ టీమ్' గురించి ఒక మాట. వచ్చిన ఫలితంలో వాటాగా ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. ప్రకటనలిచ్చి కేసులు తెచ్చుకోవడమూ కూడదు. మీకు తగ్గిందాంట్లో ఇంత శాతం మాది అని ఫేస్‌బుక్ ప్రకటనలో చెప్పుకునే వ్యాపారాన్ని ఒక వకీలు సొంత బోర్డు పెట్టుకుని చేయలేడు. వకీళ్లను జీతానికి పెట్టుకున్న కంపెనీ మాత్రం చేస్తోంది. ఈ కంపెనీలు రిజర్వు బ్యాంకు లైసెన్సుతో నడిచేవీ కావు. బ్యాంకు మీద ఫిర్యాదుకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, వీళ్ల మీద లేడు.

ముందు మీ పద్దు, తర్వాత మీ ఉత్తరం

ఉచిత సాయం అనగానే ఎవరో వచ్చి చేయిపట్టుకోవాలని ఎదురుచూస్తాం. మొదటి అడుగు మాత్రం ఇంట్లోనే, ఒక తెల్లకాగితం మీద పడుతుంది. బ్రిటన్‌లో అప్పుల సలహా సంస్థకు ఫోన్ చేసినా వాళ్లు మొదట చేయించే పని ఇదే: నెల పద్దు.

కూకట్‌పల్లిలో అద్దెకుండే ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. చేతికొచ్చే జీతం 42 వేలు. అద్దె 12 వేలు, బియ్యం, పాలు, గ్యాసుతో కలిపి ఇంటి ఖర్చు 10 వేలు, పిల్లల స్కూలు, బస్సు 5 వేలు, కరెంటు, ఫోను 2 వేలు, రాకపోకలు రెండున్నర వేలు, అమ్మానాన్నల మందులు రెండున్నర వేలు. మిగిలేది 8 వేలు. బాకీలు మూడు: ఒక కార్డు మీద 1 లక్ష 80 వేలు, ఇంకో కార్డు మీద 1 లక్ష 20 వేలు, పర్సనల్ లోను 2 లక్షలు. ఆ 8 వేలను బాకీల నిష్పత్తిలో పంచితే మొదటి కార్డుకు 2,880, రెండో కార్డుకు 1,920, లోనుకు 3,200 రూపాయలు వస్తాయి. ఎక్కువ అరిచినవాడికి ఎక్కువ, మెత్తగా అడిగినవాడికి సున్నా అన్న పద్ధతి ఇక్కడ ఆగిపోతుంది.

పంచే ముందు ఒక వరస పాటించాలి. ఇల్లు పోయే అప్పు, కుదువ పెట్టిన బంగారం, కరెంటు బిల్లు, అద్దె, బడి ఫీజు ముందు. ఏ తాకట్టూ లేని కార్డులు, పర్సనల్ లోన్లు తర్వాత. రోజుకు ఇరవైసార్లు ఫోన్ చేసేది కార్డువాళ్లే కాబట్టి మనవాళ్లు సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు. భార్య పుస్తెలతాడు ఫైనాన్స్‌లో వేలానికి వచ్చినా సరే, కార్డు మినిమమ్ డ్యూ మాత్రం కట్టేస్తారు.

ఈ పద్దు జతచేసి బ్యాంకుకు ఉత్తరం రాయాలి. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది. ఈమెయిల్ గానీ, రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టు గానీ కావాలి. బ్యాంకు వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ అధికారి, నోడల్ అధికారి వివరాలుంటాయి, వాళ్లకే పంపాలి. అందులో కవిత్వం అక్కర్లేదు. ఆదాయం ఎందుకు తగ్గిందో ఒక వాక్యం: ఉద్యోగం పోవడమో, ఆపరేషనో, ఇంకేదో. ఇప్పుడు ఎంత కట్టగలరో ఒక వాక్యం. ఏం కోరుతున్నారో ఒక వాక్యం. 90 రోజులు దాటకముందే రాస్తే అడగాల్సినవి వేరు: కార్డు బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐలుగా మార్చమనడం, లోను గడువు పెంచి నెల వాయిదా తగ్గించమనడం. ఆ వ్యవధిలో అడిగితే సిబిల్ స్కోరుకు జరిగే నష్టం తక్కువ. అందుకే ఉత్తరం ఎంత తొందరగా వెళితే అంత మేలు. కంపెనీ చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

బ్యాంకు కాదనవచ్చు. జవాబే రాకపోవచ్చు. అయినా ఆ ఉత్తరం వృథా కాదు. రేపు లోక్ అదాలత్‌లోనో, అంబుడ్స్‌మన్ దగ్గరో, కోర్టులోనో 'ఎగ్గొట్టడానికి పారిపోలేదు, ఇంత కడతానని ఫలానా తేదీన చెప్పాడు' అనడానికి అదే సాక్ష్యం.

రాజీ దాకా వెళ్లి బ్యాంకు ఒక మొత్తానికి ఒప్పుకుంటే, లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా పైసా కట్టకూడదు. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటో చాలదు. బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి రావాలి, లేదా బ్రాంచిలో సరిచూసుకోవాలి. డబ్బు లోను ఖాతాలోకే పోవాలి. ఏజెంటు యూపీఐకి కట్టి, అప్పు అలాగే ఉండిపోయి లబోదిబోమనే పరిస్థితి తెచ్చుకోవద్దు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

రాజీకి ఒక ధర ఉంది. క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది. తర్వాత ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది. పైగా 2023 ఆదేశాల ప్రకారం రాజీ చేసుకున్న బ్యాంకు కనీసం 12 నెలలపాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. వ్యవసాయ రుణాలకు ఈ 12 నెలల కట్టుబాటు వర్తించదు. 'రాజీ చేయించి సిబిల్ కూడా బాగుచేస్తాం' అని కంపెనీ చెబితే అక్కడే ఫోన్ పెట్టేయొచ్చు. సరైన సమాచారాన్ని రిపోర్టులోంచి చెరిపేసే మంత్రం ఎవరి దగ్గరా లేదు. తప్పు సమాచారం ఉంటే సరిచేయించుకోవడం ఉచితం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తప్పు సరిదిద్దకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకే పరిహారం రావాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

జిల్లా కేంద్రంలో ఎవరూ చెప్పని రెండు గదులు

అప్పుల్లో కూరుకుపోయినవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలు పెట్టాలని రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలోనే పథకం రాసింది. దాని పేరు ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలు. ఆ పత్రం ఇప్పుడు చదివితే ముచ్చటేస్తుంది. సలహాకు రుసుము వద్దు, అప్పులవాడి మీద ఇంకో భారం వేయకూడదు అంది. నడిపే బ్యాంకుకూ కేంద్రానికీ మధ్య దూరం ఉండాలి, వీలైతే బ్యాంకు ఆవరణలోనే ఉండకూడదు అంది. వసూళ్ల పని పెట్టుకోకూడదంది. 2012లో ఆ పథకాన్ని సవరించారు. కేంద్రాల పేరులోంచి 'రుణ సలహా' పోయి 'ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు' మిగిలాయి. జన్‌ధన్ ఖాతాలు, బీమా, డిజిటల్ చెల్లింపుల మీద అవగాహన శిబిరాలు పెట్టడం వాటి ప్రధాన పని అయింది. అవసరమైన పనే. కానీ నెత్తిమీద ఐదు లక్షల బాకీ ఉన్నవాడికి ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పొద్దని బోధిస్తే ఏం లాభం?

అయినా ఆ గది తలుపు తట్టాల్సిందే. జిల్లాకో లీడ్ బ్యాంకు, దానికో లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్ ఉంటారు. ఎల్‌డీఎం కార్యాలయంలో అడిగితే ఆర్థిక అక్షరాస్యత కేంద్రం ఎక్కడుందో, కౌన్సెలర్ ఎవరో చెబుతారు. ఎక్కువగా రిటైరైన బ్యాంకు అధికారులే అక్కడ కౌన్సెలర్లుగా ఉంటారు. ఏ బ్యాంకులో ఏ కాగితం ఎవరి టేబుల్ మీద ఆగుతుందో వాళ్లకు కొట్టినపిండి. మీ పద్దు చూపించి, ఉత్తరం రాయడంలో సాయం అడగండి. ఆ కుర్చీ పెట్టింది అందుకే.

రెండో గది జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టంతో పుట్టి, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన వ్యవస్థ ఇది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. అప్పు భార్య పేరున ఉంటే ఆమె జీతమెంతైనా సరే, ఉచిత న్యాయసాయానికి అర్హురాలే. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లు వకీలు ఫీజు కోసం మళ్లీ అప్పు చేస్తున్నాయో. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

లోక్ అదాలత్‌లు నడిపేదీ ఈ సంస్థలే. కేసు కోర్టుకు వెళ్లకముందే, ప్రి-లిటిగేషన్ దశలోనే బ్యాంకు బాకీలు అక్కడ పరిష్కరించుకోవచ్చు. రుసుము ఉండదు. కోర్టులో నడుస్తున్న కేసైతే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. బ్యాంకు తరఫున లోక్ అదాలత్ నోటీసు ఇంటికొస్తే చాలామంది అరెస్టు వారెంటు వచ్చినట్టు బెదిరిపోతారు. నిజానికి అది బేరానికి పిలుపు. అక్కడ కూర్చునే బ్యాంకు అధికారి ఆ రోజు ఎన్ని ఖాతాలు మూస్తే అంత సంతోషిస్తాడు. కంపెనీ ఫీజు తీసుకుని చేయిస్తానన్న సంభాషణ ఇదే. ఇక్కడ టేబుల్‌కు ఇవతల మీరు కూర్చుంటారు, మధ్యలో ఒక న్యాయాధికారి ఉంటారు.

ఒక్క జాగ్రత్త. లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలముంది, దానిమీద అప్పీలు లేదు. మొహమాటపడో, బయటపడితే చాలనుకునో కట్టలేని మొత్తానికి సంతకం పెడితే మళ్లీ మొదటికొస్తుంది. వాయిదాలు అడగండి. కుదరకపోతే లేచి వచ్చేయండి. ఒప్పుకోవాలన్న బలవంతం లేదు.

ఫోన్లు ఆపడానికి కూడా ఫీజక్కర్లేదు

నిజం చెప్పాలంటే కంపెనీకి కట్టేవాళ్లలో చాలామంది లెక్కలు చూసి కట్టరు. ఫోన్లు ఆగుతాయని కడతారు. మామగారికి ఫోన్ చేశారు, పక్కింటావిడకు చెప్పారు, పరువు పోయింది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోవడం, హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద పోలీసు దాడులు అందరికీ గుర్తే. అంతకు ఐదేళ్ల ముందు విజయవాడలో వడ్డీవ్యాపారుల కాల్‌మనీ వ్యవహారం. ఈ గడ్డమీద అప్పు వసూలంటే ఏమిటో ఎవరూ మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

రిజర్వు బ్యాంకు నిబంధన స్పష్టంగానే ఉంది. 2022 ఆగస్టు 12 నాటి ఆదేశం ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో అవమానించడం, బంధువులను, స్నేహితులను వేధించడం నిషిద్ధం. మైక్రోఫైనాన్స్ అప్పులకు వేళ ఇంకా కుదించారు: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకానే. ఏజెంటు తప్పు చేస్తే బాధ్యత బ్యాంకుదే. కాబట్టి ఫోనెత్తకుండా దాక్కోవడం కన్నా, ఎత్తి, తేదీ, వేళ, నంబరు రాసుకోవడం, రికార్డు చేసుకోవడం మేలు. ఆ జాబితాతో ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 2021 నవంబరు 12న ఒకే గొడుగు కిందకు తెచ్చిన వ్యవస్థ ఇది. 14448 నంబరులో వివరాలు చెబుతారు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, చేత్తో రాసి చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులోనూ పంపవచ్చు. రుసుము లేదు. 2021 పథకంలో ఇంకో విశేషం: మీ తరఫున వేరే ఎవరినైనా ప్రతినిధిగా పెట్టుకోవచ్చు గానీ వకీలును మాత్రం పెట్టుకోకూడదు. మామూలు మనిషి మామూలు మాటల్లో రాసుకోవాలన్న ఉద్దేశంతో కట్టిన ఏర్పాటది. అయితే అంబుడ్స్‌మన్ మీ అప్పు తగ్గించడు. బ్యాంకు ప్రవర్తనను మాత్రమే సరిచేస్తాడు.

లోన్ యాప్ అయితే ముందు అది అసలుదో నకిలీదో చూడాలి. లైసెన్సున్న సంస్థల తరఫున నడిచే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. అందులో లేని యాప్ ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే అది వసూలు కాదు, నేరం. 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోలీసులకు చెప్పాలి.

ఇంకో నంబరు: 14416, టెలి-మానస్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. రాత్రి నిద్రపట్టక పిచ్చి ఆలోచనలు వస్తుంటే బ్యాంకు ఉత్తరాలన్నీ పక్కనబెట్టి ముందు ఈ నంబరుకు చేయండి.

అప్పు ఇచ్చినవాళ్లే సలహాకు డబ్బులిచ్చే దేశం

ఉచిత సాయాన్ని ఎలా కట్టాలో చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడ నేషనల్ డెట్‌లైన్ అనే ఉచిత ఫోన్ సేవ 1987లో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. లీడ్స్‌లో 1993లో పుట్టిన మరో సేవాసంస్థ ఇప్పుడు స్టెప్‌చేంజ్ పేరుతో ఉంది. అది అప్పులవాళ్ల దగ్గర పైసా తీసుకోదు. ఖర్చులో ఎక్కువ భాగం ఇచ్చేది అప్పిచ్చిన బ్యాంకులే. సరైన సలహా దొరికినవాడు పారిపోడు, కాస్త కాస్తయినా కడతాడని వాళ్లకు లెక్క తెలిసింది. ఫీజు కంపెనీలు అక్కడా పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2010లో అప్పటి ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ పరిశీలన జరిపి 129 కంపెనీలకు పద్ధతి మార్చుకోకపోతే లైసెన్సు పోతుందని హెచ్చరిక ఇచ్చింది. 2014 నుంచి వాటన్నింటినీ ఆర్థిక ప్రవర్తన నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ కిందకు తెచ్చారు. అప్పులవాడి పేరును ఇంకో కంపెనీకి అమ్మి కమీషన్ తీసుకునే మధ్యవర్తుల వ్యాపారాన్ని 2023 అక్టోబరులో ఎఫ్‌సీఏ ఆపేసింది.

2021 మే నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో 'బ్రీతింగ్ స్పేస్' ఉంది. సలహాదారు నమోదు చేస్తే 60 రోజులపాటు చాలా అప్పులమీద వడ్డీ, వసూళ్లు ఆగుతాయి. మన కంపెనీవాళ్లు ఫోన్లో ఇచ్చే హామీని అక్కడ చట్టమే ఉచితంగా ఇస్తోంది. ఆస్తిపాస్తులు లేని పేదలకైతే డెట్ రిలీఫ్ ఆర్డర్. షరతులకు లోబడి ఏడాది తర్వాత బాకీలు రద్దవుతాయి. దానికుండే 90 పౌండ్ల దరఖాస్తు రుసుమును కూడా 2024 ఏప్రిల్‌లో ఎత్తేశారు. లండన్‌లోనో లెస్టర్‌లోనో కార్డుల్లో ఇరుక్కున్న మన పిల్లలు ఎవరైనా ఇది చదివితే, హైదరాబాద్‌లో ఇంటి కాగితాలు కుదువపెట్టమని నాన్నకు ఫోన్ చేసే ముందు అక్కడి ఈ ఉచిత సంస్థల్లో ఒకదానికి ఒక్క ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకూ ఒక మాట. ఫోన్‌ద్వారా సేవలమ్మే డెట్ రిలీఫ్ కంపెనీలు కనీసం ఒక అప్పయినా రాజీ చేయించి, దానికి ఒక చెల్లింపయినా జరిగేదాకా ఫీజు తీసుకోకూడదని 2010 అక్టోబరు నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. ముందే డబ్బడిగితే నిబంధన మీరుతున్నట్టే. మన దగ్గర ముందస్తు ఫీజుకు అలాంటి అడ్డుకట్టే లేదు.

అలాగని మన చట్టసభలకు ఈ ఆలోచన రాలేదని కాదు. 2016 దివాలా స్మృతి మూడో భాగంలో 'ఫ్రెష్ స్టార్ట్' అనే ప్రక్రియ ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తులు 20 వేలు, అప్పులు 35 వేలు దాటని, సొంతిల్లు లేని మనిషికి బాకీల మాఫీ దారి అది. బ్రిటన్ డెట్ రిలీఫ్ ఆర్డర్‌కు చిన్న తమ్ముడి లాంటిది. ఏళ్లు గడిచినా మామూలు వ్యక్తులకు ఆ భాగాన్ని అమల్లోకి తేలేదు. కంపెనీలకు, వాటి అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రం స్మృతి బాగానే పనిచేస్తోంది. చిన్నవాళ్లకు ఇప్పటికీ మిగిలింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. మన ఊళ్లలో 'ఐపీ పెట్టాడు' అంటారే, అది. దానికి వకీలు కావాలి, ఏళ్లు పడుతుంది, ఊళ్లో పేరు పోతుంది.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు

ఇది చదివేవాళ్లలో కొందరు గేటు దాటేసి ఉంటారు. వాళ్లు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి కంపెనీకి నెలనెలా పోయే ఆటో డెబిట్ రద్దు చేయండి. తర్వాత మీ బ్యాంకులన్నింటికీ స్వయంగా ఫోన్ చేసి, మీ తరఫున ఎవరైనా సంప్రదించారా, ఏమైనా ప్రతిపాదన నడుస్తోందా అడగండి. జవాబు వినడానికి గుండె దిటవు చేసుకోవాలి. కంపెనీకి ఏదైనా అధికారపత్రం రాసిచ్చి ఉంటే రద్దు చేస్తున్నట్టు ఈమెయిల్ పంపి, ఆ కాపీ బ్యాంకుకూ పంపండి. ఆధార్, పాన్ వాళ్ల దగ్గర ఉన్నాయి కాబట్టి ఉచిత క్రెడిట్ రిపోర్టులు తీసి మీ పేరున కొత్త అప్పేదైనా పుట్టిందేమో చూసుకోండి.

కట్టిన ఫీజు వాపసు అడుగుతూ కంపెనీకి లిఖితపూర్వకంగా రాయండి. వినకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సేవకు మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఒప్పందం కాపీ, కట్టిన రసీదులు, ఈఎంఐ ఆపేయమని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలు జతచేయండి. ఫోన్ మార్చేముందు ఆ మెసేజీలను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.